మూడు వేళ్ల మూలపట్టీ

బొమ్మలక్క ఆ తప్పు చెయ్యడానికి పట్టింది పదకొండు సెకన్లు. దాన్ని దిద్దుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. అది కూడా నలభై కుటుంబాల ముందు నిలబడి, ఉద్యోగం పోతే పోయిందనుకుని.

బొమ్మలక్క అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఇళ్లు కట్టి అమ్మే కంపెనీ అది. ప్రచారానికి కావలసిన బొమ్మలన్నీ ఆమె చేతిమీదుగానే బయటికి వెళ్తాయి. చాలాకాలం కెమెరా మెడలో వేసుకుని, సిమెంటు బస్తాల మధ్య గెంతుతూ ఫోటోలు తీసింది. ఏఐ వచ్చాక సగం పని కుర్చీలో కూర్చునే అయిపోతోంది. దానిమీద ఆమెకి కోపమేమీ లేదు, పైపెచ్చు ముచ్చట. మబ్బు పట్టిన రోజు తీసిన ఫోటోకి ఎండ తెప్పిస్తుంది. నేలమీద సున్నం మరకలు తుడిచేస్తుంది. ఖాళీ హాల్లో సోఫా వేసి, కిటికీకి తెరలు కట్టి, రేపు మీరు ఇక్కడ ఇలా కూర్చుంటారు అని కొనేవాళ్ల కళ్లకి కట్టిస్తుంది. ఉత్త గోడలు చూసి ఇల్లు ఊహించుకోవడం అందరివల్లా కాదు కదా. కాకపోతే తనకి తాను ఒక హద్దు గీసుకుంది. దుమ్ము తుడవొచ్చు, గోడ జరపకూడదు. రెండేళ్లుగా ఆ హద్దు దాటలేదు. దాటమని ఎవరూ అడగలేదు కూడా, అది వేరే సంగతి.

అడిగింది తళతళ. ఆయన అమ్మకాల మేనేజరు. బూట్లు తళతళ, పళ్లు తళతళ, నోరు తెరిస్తే "బొమ్మ తళతళలాడాలి" అన్నదే మాట. అందుకని ఆయన వెనకాల అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆరోజు ఆయన బొమ్మలక్క కుర్చీ వెనక నిలబడి, నమూనా ఫ్లాటులో తీసిన వంటగది ఫోటో చూస్తున్నాడు. కొనేవాళ్లకి చూపించడానికని ముందుగా పూర్తిచేసిన ఫ్లాటు అది. గట్టు కింద రెండు వరసల సొరుగులు రెండు గోడల వెంబడి వచ్చి మూలలో కలుస్తాయి. ఆ మూలలో, అటూ ఇటూ మూడేసి వేళ్ల వెడల్పున, నేల దగ్గరనుంచి గట్టు బండ దాకా ఉత్త చెక్కపట్టీ ఉంది. పిడి లేదు, మెరుపు లేదు.

"ఈ ముక్క ఏంటి మధ్యలో? నవ్వే మొహంలో పన్ను ఊడినట్టుంది" అన్నాడు తళతళ.

"మూలపట్టీ సార్."

"ఏ పట్టీ అయితేనేం, కంటికి అడ్డం. తీసెయ్."

బొమ్మలక్క పట్టీ చుట్టూ గీత గీసి, మూల శుభ్రంగా ఉండాలి అని రాసి, మీట నొక్కింది. పదకొండు సెకన్లలో పట్టీ మాయమైంది. సొరుగులు రెండువైపులనుంచీ సాగి మూలలో ఒకదాన్నొకటి తాకాయి. పొడవాటి పిడులు కూడా వాటితోపాటే సాగాయి. చూడ్డానికి ఎంత బాగుందంటే, అబద్ధమెందుకు, ఆమెకీ నచ్చింది.

ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. ఆ వంటగది చేసింది బయటివాళ్లు కాదు, బొమ్మలక్క సొంత మేనమామ. తండ్రి పోయాక ఆమె పెరిగింది ఆయన ఇంట్లోనే, రంపంపొట్టు మధ్యనే. మూలపట్టీ ఎందుకుంటుందో ఆమెకి బాగా తెలుసు. తెలిసిన మనిషే తీసేసింది. తెరమీద చూసినప్పుడు అది వంటగదిలా కాకుండా బొమ్మలా కనిపించింది, బొమ్మలో సొరుగులు ఎవరు లాగుతారు? అంత తెలిసిన బుర్ర ఆ పదకొండు సెకన్లూ ఎక్కడికి పోయిందో ఆమెకే అర్థం కాలేదు.

బొమ్మ రోడ్డుపక్క పెద్ద బోర్డు ఎక్కింది, ప్రచార పుస్తకంలో అచ్చయింది, చివరికి ఒప్పందం కాగితాలకి జోడించారు కూడా. "వంటగది పై బొమ్మలో ఉన్నట్టే ఉంటుంది" అని కింద ఒక వాక్యం, దానికింద కొనేవాళ్ల సంతకం. నలభై ఫ్లాట్లకి నలభై సంతకాలు పడ్డాయి. తళతళ రెండు అంగుళాలు పొడుగు పెరిగినట్టు తిరిగాడు.

అసలు గొడవ ఒక బస్సు డ్రైవరమ్మతో మొదలైంది. ఆవిడ డ్యూటీ దిగి, యూనిఫాంలోనే నమూనా ఫ్లాటు చూడ్డానికి వచ్చింది. ఒప్పందం కాగితం మడత విప్పి, బొమ్మనీ వంటగదినీ మార్చి మార్చి చూసింది. బొమ్మలక్క అప్పుడు పక్కగదిలో కిటికీ ఫోటో తీస్తోంది.

"ఈ ముక్క బొమ్మలో లేదే?" అంది డ్రైవరమ్మ.

తళతళ రెప్పవెయ్యలేదు. "వడ్రంగి కొలత తప్పాడమ్మా. సందు వచ్చింది. కనపడకుండా ఆ ముక్క కొట్టి కప్పెట్టాడు. మీ ఇంటికి అలా ఉండదు, అతన్ని మార్చేస్తున్నాం."

ఆ మాట బొమ్మలక్క చెవిన పడింది. నాలుగడుగులు వేసి గుమ్మంలోకి వచ్చి, "కాదమ్మా, బొమ్మే తప్పు" అని ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అనలేదు. కెమెరా సర్దుకుని, తలొంచుకుని, వెనకదారిన వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడం తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు మధ్యాహ్నం మామ పనిచేసే షెడ్డుకి వెళ్లింది. మూడు బల్లలు, గోడనిండా పరికరాలు, ఎటు చూసినా పొట్టు. మామ కళ్లజోడు ముక్కుమీదికి జార్చి, కిటికీ వెలుగులో ఒక కాగితం పట్టుకుని ఉన్నాడు. అత్త ఒక పక్కన కూర్చుని గరుకు కాగితంతో పలక రుద్దుతోంది.

"రావే కోడలా, సమయానికొచ్చావు" అన్నాడు మామ. "మీ ఆఫీసులో ఒక మహానుభావుడున్నాడు. వాడి మొహం నాకొకసారి చూపించాలి నువ్వు."

"ఎవరు మామయ్యా?"

"ఈ బొమ్మ చేసినవాడు. నలభై వంటగదులూ ఇదిగో ఇలాగే చెయ్యాలట, పట్టీ లేకుండా. వీడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క సొరుగైనా లాగి ఉంటాడా అంట? చెంచా కావాలంటే ఎవరో చేతికి అందిస్తారు కాబోలు దొరగారికి. పట్టుకురా వాణ్ణి, ఒక్కపూట ఈ బల్లమీద కూర్చోబెడతాను. వాడి వేళ్లు సొరుగులో పెట్టి మరీ నేర్పిస్తాను."

అత్త కిసుక్కున నవ్వింది. "పాపం వదిలెయ్యండి, ఏ చదువుకున్న వెధవో."

"ఆ వెధవని నేనే అత్తా" అంది బొమ్మలక్క.

గరుకు కాగితం చప్పుడు ఆగిపోయింది.

మామ రెండు సొరుగులు తెచ్చి, బల్లమీద మూల కలిసేలా పెట్టాడు. ఒకదాన్ని ముందుకి లాగాడు. రెండు వేళ్లమేర వచ్చి, పక్కదాని పిడికి కొట్టుకుని ఆగిపోయింది. రెండోదాన్ని లాగాడు. అదీ అంతే. "పిడి రెండు వేళ్లు బయటికొస్తుంది. పట్టీ మూడు వేళ్లు. మిగిలిన వేలు ఊపిరాడటానికి" అన్నాడు. కొత్తగా పనిలో చేరినవాళ్లకి చెప్పే గొంతుతోనే చెప్పాడు. ఆ గొంతు ఆమెకి తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

"ఇది నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు మామయ్యా."

"తెలీనివాడికి చెప్తాను. తెలిసినదానికి ఏం చెప్పను?"

అంతే. చిత్రిక తీసుకుని అటువైపు తిరిగాడు. ఆరోజునుంచి ఆమెతో మాట్లాడలేదు.

అత్త రోడ్డుదాకా సాగనంపింది. "ఆయన కోపం నీమీద కాదులే" అంది మొదట. నాలుగడుగులు వేశాక, "నీమీదే. దాచడమెందుకు" అంది. ఇంకో నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. "పని పోతే ఇంకో పని వస్తుందే. కొలత తప్పాడన్న మాట పడితే ఇంకెవరూ రారు. ఇంతకాలం పనిచేశాడు, ఆ మాట ఎవ్వరూ అనలేదు. ఇవాళ పొద్దున ఇనపసామాను కొట్టువాడు అడిగాడట, ఏం మేస్త్రీ, చూపు తగ్గిందా అని. మీ ఆఫీసు మాట అక్కడిదాకా వచ్చేసింది."

పదకొండు సెకన్లలో తను తుడిచింది చెక్కముక్కని కాదు, మామ పేరుని. అది తిరిగి రాసేదాకా తనకి అన్నం సయించదని ఆమెకి అక్కడే, ఆ రోడ్డుమీదే తెలిసిపోయింది.

తళతళ దగ్గరికి వెళ్లింది. బొమ్మ దిద్దుతానంది.

"దిద్దడమా? సంతకాలయ్యాక? మోసం అంటారు జనం" అన్నాడాయన. "బొమ్మలో లేనిది ఇంట్లో ఉండకూడదు."

"ఇంట్లో ఉండాల్సినదాన్ని బొమ్మలోంచి తీసింది మనం సార్."

"ఇప్పుడు ఎవరికి తెలుసది? వడ్రంగి తప్పన్నాం, నమ్మారు, గొడవ వదిలింది. వడ్రంగులేం అనుకోరులే, వాళ్లకివన్నీ మామూలే."

"ఆ వడ్రంగి మా మామయ్య."

తళతళ ఒక్కక్షణం ఆగాడు. సిగ్గుపడుతున్నాడేమో అనుకుంది ఆమె. "అలాగా! ముందే చెప్పొద్దూ" అన్నాడు సంబరంగా. "అయితే నువ్వే నచ్చజెప్పొచ్చు. మూలన ఆ రెండు సొరుగులూ ఉత్తుత్తివి పెట్టమను. ముందు పలకా పిడీ ఉంటాయి, వెనకాల ఏమీ ఉండదు. బొమ్మలో ఉన్నట్టూ ఉంటుంది, పనీ మీ మామ చేతిలోనే ఉంటుంది."

"తెరుచుకోని సొరుగా?"

"నలభైమందిలో ఎంతమంది తెరిచి చూస్తారు? నువ్వు ఒక పని చెయ్యి. సొరుగులన్నీ జారుకుంటూ తెరుచుకుంటున్నట్టు చిన్న వీడియో చెయ్యి. ఆదివారం కొనేవాళ్లందరినీ పిలుస్తున్నాం, పెద్ద మేడమ్ కూడా వస్తున్నారు. అది చూస్తే ఇంక ఎవరికీ అనుమానం రాదు."

బొమ్మలక్క వీడియో చేసింది. నిజం చెప్పాలంటే కొంచెం ఆశపడే చేసింది. ఏఐకైనా అక్కడ చిక్కొచ్చి, సొరుగు ఆగిపోతుందేమో, అప్పుడీ పెద్దమనిషికి కళ్లు తెరుచుకుంటాయేమో అనుకుంది. దానికేం, సొరుగు లాగి చెయ్యి నొప్పెట్టిన అనుభవమా పాడా? రెండు సొరుగులూ మెత్తగా జారుకుంటూ వచ్చాయి. ఒకదాని ఇత్తడి పిడి రెండోదాని చెక్కలోంచి దూరి, గీతైనా పడకుండా అవతలికి తేలింది. ఎండ కూడా పడింది వాటిమీద.

తళతళ చప్పట్లు కొట్టాడు. "చూశావా? తెరుచుకుంటోంది! మీ మామకి చూపించు ఇది!"

పిడి చెక్కలోంచి దూరుతుంటే కంటి ఎదురుగా చూస్తూ, తెరుచుకుంటోందంటున్నాడు. ఆయన అబద్ధమాడటం లేదు, నిజంగానే నమ్ముతున్నాడు. ఆ మెరుపు తననీ అలాగే మింగింది కదా అని ఆయనమీదకన్నా తనమీద తనకి ఎక్కువ కోపమొచ్చింది. కానీ ఆ కోపంలోనే ఒక తెగింపు కూడా వచ్చింది. ఇంక ఈయనకి నచ్చజెప్పడం గోడకి చెప్పుకోవడమే. చెప్పాల్సినవాళ్లకే చెప్పాలి.

"సార్, ఆదివారం ఈ వీడియో నేనే చూపిస్తాను" అంది.

"శభాష్" అన్నాడు తళతళ. దారికొచ్చిందనుకున్నాడు పాపం.

ఆమె మామకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. అత్తకి చేసింది.

"ఆదివారం పదింటికి మామయ్యని నమూనా ఫ్లాటుకి రమ్మను అత్తా. స్క్రూడ్రైవరు తెచ్చుకోమను."

"రాడే."

"నామీద కోపంతోనైనా రమ్మను."

"కోపంతోనైతే వస్తాడు" అంది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు జనం. కంపెనీ యజమానురాలు, అందరూ పెద్ద మేడమ్ అనే ఆవిడ, ముందువరసలో కూర్చున్నారు. బస్సు డ్రైవరమ్మ ఆవిడ పక్కనే, కాగితం ఒళ్లో పెట్టుకుని. గోడకి పెద్ద తెర, దానికి బొమ్మలక్క కంప్యూటరు తగిలించి ఉంది. తళతళ పావుగంట మాట్లాడాడు. తర్వాత వీడియో నడిచింది. సొరుగులు జారాయి, ఎండ మెరిసింది, హాలంతా "అబ్బ" అంది.

పిడి చెక్కలో సగం దూరినచోట బొమ్మలక్క వీడియో ఆపేసింది.

"ఇక్కడొకసారి చూడండి" అంది. తెరమీద పిడిని వేలితో చూపించింది. "ఈ పిడి ఎక్కడుంది?"

జనం మెడలు సాచారు. "పక్క సొరుగు లోపలుంది" అన్నారు ఎవరో వెనకనుంచి.

"చెక్కలోంచి పిడి దూరుతుందా?"

"చిన్న సాంకేతిక సమస్య" అంటూ తళతళ లేచాడు.

"సమస్య కాదండీ. ఈ బొమ్మ నేనే చేశాను. ఏఐతో చేశాను. దాంతో చేసినందుకు నాకేం సిగ్గు లేదు. మీకు చూపించిన ఎండా, సోఫా, తెరలూ అన్నీ దాంతో చేసినవే, అవన్నీ మీరు రేపు నిజంగా పెట్టుకోగలరు. కానీ మూలన ఉన్న పట్టీని తీసేశాను. అది తీస్తే ఈ సొరుగులు తెరుచుకోవు. ఎవరి మాటో నమ్మక్కర్లేదు, వంటగది పక్కనే ఉంది, రండి."

"కూర్చో" అన్నాడు తళతళ పళ్లు బిగించి. అవి అప్పుడు కూడా తళతళలాడుతూనే ఉన్నాయి.

డ్రైవరమ్మ లేచింది. "ఒక్క నిమిషం సారూ. ఆ ముక్క వడ్రంగి కొలత తప్పి కొట్టాడని మీరే కదా నాతో అన్నది?"

అందరూ తళతళని చూశారు. తళతళ తన బూట్లు చూసుకున్నాడు.

గుమ్మం దగ్గర మామ నిలబడి ఉన్నాడు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరుతో. ఎప్పుడొచ్చాడో తెలీదు. ఆమె వైపు చూడలేదు. జనాన్ని తప్పించుకుంటూ తిన్నగా వంటగదిలోకి నడిచి, డ్రైవరమ్మతో అన్నాడు: "ముందు ఇప్పుడున్నది ఉన్నట్టు లాగండమ్మా."

ఆవిడ లాగింది. ఒకటి వచ్చింది. మూసి రెండోది లాగింది. అదీ వచ్చింది, చప్పుడైనా లేకుండా.

మామ మోకాళ్లమీద కూర్చుని రెండువైపులా పట్టీ విప్పాడు. మరలు ఒక్కొక్కటే తీసి బండమీద వరసగా పెట్టాడు. రెండు వరసల అరలనీ గోడనుంచి వదులుచేసి, బండ కిందే మెల్లగా మూలకి జరిపాడు. పది నిమిషాలు పట్టింది. ఒక్కరూ కదల్లేదు. వెనకవాళ్లకి కనపడక, ముందువాళ్లు ఏం జరుగుతోందో చెబుతున్నారు. పెద్ద మేడమ్ కూడా కుర్చీలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇప్పుడు మీ కాగితంలో ఉన్నట్టే ఉంది" అన్నాడు మామ. "లాగండి."

డ్రైవరమ్మ లాగింది. టంగుమంది. సొరుగు రెండు వేళ్లు వచ్చి ఆగిపోయింది. ఆవిడ గట్టిగా లాగింది. మళ్లీ టంగు.

"ఇరుకుసందులో రెండు బస్సులు ఎదురుపడ్డట్టుంది" అందావిడ. "ఎవరో ఒకరు వెనక్కి పోతేగానీ ఇద్దరికీ దారి లేదు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఎవరికి వాళ్లకి లాగి చూడాలనిపించింది. ఒక ముసలాయన లాగాడు, ఆయన భార్య లాగింది, ఇద్దరు అన్నదమ్ములు పందెం వేసుకుని లాగారు. టంగు, టంగు, టంగు. మామ చేతులు కట్టుకుని ప్రతి టంగూ విన్నాడు. మొహంలో ఏ భావమూ లేదు కానీ, నిటారుగా నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని చూపు తగ్గిందా అని అడగలేదు.

డ్రైవరమ్మ జేబులోంచి పెన్ను తీసి, తన ఒప్పందంలో బొమ్మమీద, మూలన, రెండు నిలువు గీతలు గీసింది. పక్కన "పట్టీ ఉండాలి, చేసేది ఈ మేస్త్రే" అని రాసి సంతకం పెట్టింది. కాగితం పెద్ద మేడమ్‌కి అందించింది. "మీరూ పెట్టండి." వెనకనుంచి ఇంకో నాలుగు పెన్నులు బయటికొచ్చాయి.

పెద్ద మేడమ్ గాలి ఎటు వీస్తోందో క్షణంలో పసిగట్టే మనిషి. నవ్వుతూ సంతకం పెట్టారు. "తప్పకుండా. అందరికీ అలాగే చేయిస్తాం. ఇది ఆ ఏఐ యంత్రం చేసిన పొరపాటు. ఇప్పుడే, మీ ముందే ఉత్తరం రాయించి పంపిస్తాను." తర్వాత బొమ్మలక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "యంత్రం పొరపాటువల్ల జరిగిందని రెండు వాక్యాలు కొట్టి అందరికీ మెయిల్ పంపెయ్యి. ఎవరి తప్పూ లేదు. నీ ఉద్యోగానికీ ఢోకా లేదు. గొడవ ఇక్కడితో సరి."

చక్కటి దారే. మామకి పని దక్కుతుంది, తనకి ఉద్యోగం దక్కుతుంది, తళతళకి పరువు దక్కుతుంది. నిందేమో నోరులేని దాని నెత్తిమీద పడుతుంది, అది ఎదురుచెప్పదు. బొమ్మలక్క కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె కొట్టే ప్రతి అక్షరం ఎదురుగా పెద్ద తెరమీద పడుతోంది.

"బొమ్మలోంచి మూలపట్టీని తీసింది యంత్రం కాదు, నేను. తీస్తే సొరుగులు తెరుచుకోవని తెలిసీ తీశాను. తియ్యమన్నది అమ్మకాల మేనేజరు. వడ్రంగి కొలతలో ఏ తప్పూ లేదు."

హాల్లో చదవడం వచ్చినవాళ్లందరూ చదివారు.

"నేను చెప్పింది ఇదా?" అన్నారు పెద్ద మేడమ్.

"కాదు మేడమ్. యంత్రం పొరపాటంటే రేపు ఇంకో బొమ్మలో ఇంకోటి తీసేయొచ్చు, మళ్లీ యంత్రం పొరపాటే అవుతుంది. అది చెప్పింది చేసింది. చెప్పిన నోరు నాది."

తళతళ తెరకి వెళ్లే తీగ పీకడానికి గోడవైపు వెళ్లాడు. డ్రైవరమ్మ వెళ్లి ఆ తీగకి అడ్డంగా నిలబడింది. పెద్ద బండి నడిపే మనిషి, ఆవిడ నిలబడితే దారి ఉండదు.

మామ వంటగది గుమ్మంలోంచి తెరని చదివాడు. కళ్లజోడు దించి, మళ్లీ పెట్టుకుని, రెండోసారి చదివాడు. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆమెతో మాట్లాడాడు.

"కోడలా, ఉత్తినే వడ్రంగి అంటే ఏ వడ్రంగి అనుకోవాలి? కొలత తప్పాడన్నప్పుడు ఊళ్లో అందరికీ నేనని తెలిసింది. తప్పలేదన్నప్పుడు కూడా తెలియొద్దూ? పేరు రాయి."

ఆమె రాసింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తగ్గకుండా రాసింది. తర్వాత మొదటి వాక్యంలోకి వెళ్లి, 'నేను' అన్న మాట పక్కన తన పేరు కూడా అంతే పూర్తిగా రాసింది.

"అది పంపావంటే రేపటినుంచి నువ్వు..." అంటూ పెద్ద మేడమ్ చెయ్యెత్తారు.

ఆ మాట పూర్తయ్యేలోపే ఉత్తరం నలభై ఇళ్లకీ వెళ్లిపోయింది.